నాగజెముడు మీద రెండు పురుగులు: ఫ్లోరిడా తీరంలో ఒక ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి 8

ఈ రోజు పని మొదలైంది. ఫ్లోరిడా గల్ఫ్ తీరంలో, ఇసుక దిబ్బల వెనక ఉన్న ఒక చిన్న రక్షిత స్థలంలో 48 నాగజెముడు మొక్కలకు నంబర్లు వేశాం. నేను, పదకొండేళ్ళ మా అమ్మాయి, ఇంకో ముగ్గురు వాలంటీర్లు, పార్కు తరఫున ఒక జీవశాస్త్రవేత్త. నవంబర్ దాకా రెండు వారాలకోసారి వచ్చి ప్రతి మొక్కనూ మొదలు నుంచి కొస దాకా చూడాలి. పురుగు కనిపిస్తే తియ్యాలి. ఏం చూశామో, ఏం తీశామో రాసుకోవాలి.

పురుగు పేరు క్యాక్టోబ్లాస్టిస్ క్యాక్టోరమ్. బూడిద రంగులో ఉండే చిన్న రెక్కల పురుగు. దాని లార్వాలు ఒపన్షియా జాతి జెముళ్ళ లోపల చేరి గుజ్జంతా తినేస్తాయి. దీని సొంత నేల దక్షిణ అమెరికా: అర్జెంటీనా, పరాగ్వే, ఉరుగ్వే, దక్షిణ బ్రెజిల్. ఫ్లోరిడాలో మొదటిసారి 1989లో, దక్షిణపు కొసనున్న బిగ్ పైన్ కీ దీవిలో కనిపించింది. అక్కణ్ణుంచి ఒకవైపు అట్లాంటిక్ తీరం వెంట ఉత్తరానికి, ఇంకోవైపు గల్ఫ్ తీరం వెంట పడమటికి పాకింది. 2002 నాటికి సౌత్ కరోలినాలో చార్ల్‌స్టన్ దాకా, 2009లో లూసియానాకు, 2018 నాటికి టెక్సస్‌కు చేరింది. టెక్సస్ దాటితే మెక్సికో. అక్కడ ఈ మొక్క కూర, పండు, పశువుల మేత. వాళ్ళ జెండాలో గద్ద వాలి ఉండేది కూడా ఒపన్షియా మీదే.

మా 48 మొక్కల్లో 31 నిలువుగా పెరిగే ఒపన్షియా స్ట్రిక్టా. మిగతా 17 నేలబారుగా పాకే పొట్టి రకం. మన చేల గట్ల మీద కనిపించే నాగజెముడు ఒపన్షియా డిల్లెనీ, ఈ స్ట్రిక్టాకు అతి దగ్గరి రూపం. మన దగ్గర అది బయటి నుంచి వచ్చి నాటుకుపోయిన ముళ్ళకంప. ఇక్కడ అది పుట్టింట్లో ఉంది. నంబరు కడుతూ ఆ పసుపు ముళ్ళని చూస్తుంటే కొంతసేపు ఏదోలా అనిపించింది. చిన్నప్పుడు దీన్ని నరకడమే చూశాను. ఇప్పుడు దీన్ని బతికించడానికి వచ్చాను.

ఒక మాట గురించి. ఈ మొక్కకు ఆకులా కనిపించే చదునైన భాగం నిజానికి కాండం. ఆకు పనంతా అదే చేస్తుంది. కలబందకు మట్ట అన్నట్టే, ఈ డైరీలో దాన్ని నేను మట్ట అనే రాస్తాను.

సామాను: పొడవాటి పట్టకారు, పళ్ళున్న కత్తి, పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం, మందపాటి నల్ల సంచులు, పెన్సిలు. పెన్ను వద్దు, ఇక్కడి తేమకు రాత చెదిరిపోతుంది. చేతికి తోలు గ్లౌజులున్నా నూగు ముళ్ళు వదలవు. గ్లౌజుకు గుచ్చుకుని, గ్లౌజు విప్పేటప్పుడు వేళ్ళలోకి దిగుతాయి. టేపు అంటించి లాగితే చాలావరకు వస్తాయి. మిగిలిన వాటికి ట్వీజర్స్ తప్పదు.

అనుమతి లేకుండా ఇక్కడ ఒక్క మట్ట కూడా కొయ్యకూడదు. ఆ కాగితం మా బ్యాగులోనే ఉంటుంది.

ఫిబ్రవరి 22

23వ నంబరు మొక్క. పాత గవ్వలు పేరుకున్న దిబ్బ మీద ఉంది, మొత్తం 48లో అదే పెద్దది. 70 మట్టల దాకా లెక్కపెట్టాం. దూరం నుంచి చూస్తే ఏ లోపమూ లేదు.

దగ్గరికెళ్ళి వంగి చూస్తే కింది వరసలో ఒక మట్టకు చిన్న రంధ్రం. దాన్లోంచి పసుపు, ఆకుపచ్చ కలిసిన ముద్ద కారి కింది మట్ట మీద ఎండిపోయింది. లార్వాలు తిన్నది విసర్జించి బయటికి నెట్టేస్తాయి. లోపల పురుగుందని చెప్పే మొదటి గుర్తు ఇదే. రంధ్రం చుట్టూ మట్ట మెత్తబడి పసుపు తిరిగింది. పక్క మట్టను ఎండకేసి పట్టుకుంటే నూనె కాగితంలా వెలుగు అవతలికి కనబడుతోంది. పైన తోలు ఉంది, లోపల ఏమీ లేదు.

కోశాం. కుళ్ళిన దోసకాయ వాసన గుప్పున వచ్చింది. గుజ్జు ఉండాల్సిన చోట ఎండిన బీరకాయ పీచు లాంటి వల మాత్రం మిగిలింది. ఆ పీచుకూ పై తోలుకూ మధ్య నారింజ రంగు పురుగులు. ఒక్కొక్కటి అంగుళం దాకా ఉంది, వీపు మీద అడ్డంగా నల్లమచ్చల వరసలు. వెలుగు పడగానే అన్నీ ఒకేసారి చీకటి వైపు జరిగాయి. మూడు మట్టల్లో కలిపి 41. చలికాలమంతా లోపలే ఉండి పెరిగిన తరం ఇది.

మొక్క మొదట్లో గవ్వ ముక్కల్నీ ఎండుటాకుల్నీ చేత్తో తోసి చూస్తే తెల్లటి గూళ్ళు దొరికాయి, ఆరు. లార్వా బాగా ఎదిగాక మట్ట వదిలి నేలకు దిగి, చెత్త కింద గూడు కట్టుకుని ప్యూపా అవుతుంది. అంటే మట్టల మీద మాత్రమే వెతికితే సరిపోదు. వచ్చేసారి నుంచి ప్రతి మొక్క కిందా చూడాలని రాసుకున్నాను.

23 నుంచి తొమ్మిది మట్టలు తీశాం. తీయక తప్పదు. ఎందుకంటే పురుగు మొదట్లోని మట్టలోకి దిగితే దాని మీదున్న కొమ్మంతా ఒక్కసారిగా కూలిపోతుంది. అయినా బుడిపెల మీద పూమొగ్గలు కట్టిన మట్టను కోసి సంచిలో వెయ్యడం మనసుకు కష్టంగానే ఉంటుంది. రెండు సంచుల్లో బిగించి పార్కు ఆఫీసు ఫ్రీజర్‌లో పెట్టాం.

కొన్ని లార్వాల్ని డబ్బాలో పెట్టి ఇంట్లో పెంచి చూద్దామని మా అమ్మాయి అడిగింది. నాకూ ఆశగానే ఉంది. జీవశాస్త్రవేత్త ఒప్పుకోలేదు. మొక్కలకు హాని చేసే పురుగుల్ని ప్రాణంతో ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్ళాలంటే ఫెడరల్ వ్యవసాయ శాఖ పర్మిట్ ఉండాలి. న్యాయమైన నిబంధన. ఫోటోలతో సరిపెట్టుకున్నాం.

మార్చి 8

“నాన్నా, ఈ ముల్లు ఊగుతోంది.”

12వ మొక్క దగ్గర మా అమ్మాయి అన్న మాట ఇది. నేను అదే మొక్కను అప్పుడే చూసి, ఏమీ లేదని రాసేశాను. తను మోకాళ్ళ మీద కూర్చుని కింది నుంచి చూస్తోంది. నిజంగానే గాలికి ఒక ముల్లు సన్నగా వణుకుతోంది. నాగజెముడు ముల్లు ఊగదు.

అది గుడ్ల పుల్ల. ఈ పురుగు గుడ్లు పెట్టే తీరే వేరు. ఒక గుడ్డు ముల్లు కొసకో మట్టకో అంటిస్తుంది, దాని మీద రెండోది, దాని మీద మూడోది. అలా నాణేలు దొంతరగా పేర్చినట్టు ఒక్క వరసలో పేరుస్తూ పోతుంది. పూర్తయ్యేసరికి కొద్దిగా వంగిన పుల్ల తయారవుతుంది. మాకు దొరికింది రెండు సెంటీమీటర్లకు కాస్త పైన ఉంది. భూతద్దం కింద గోధుమరంగు పూసల్లా ఉన్నాయి. నేను లెక్కపెడితే 63, తను లెక్కపెడితే 66. ఫోటో పెద్దది చేసి చూస్తే తన లెక్కే సరైంది. ఇంత దొంతరా మొక్కను పట్టుకుని ఉన్నది ఒకే ఒక్క గుడ్డుతో, అడుగున ఉన్నదానితో. ట్వీజర్స్‌తో తాకితే చాలు, ఊడి వచ్చేసింది.

ఒక్కో పుల్లలో సగటున 70 గుడ్ల దాకా ఉంటాయి. ఒక్కో తల్లి అలాంటి పుల్లలు కొన్ని పెడుతుంది. రెక్కలొచ్చాక అది ఏమీ తినదు. తొమ్మిది రోజులో, పదో బతికి, ఆ రోజుల్లోనే జతకట్టి, గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. కొత్తగా పెట్టిన పుల్ల లేత రంగులో ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ ముదురుతుంది, పొదిగే ముందు నల్లబడుతుంది. పొదగడానికి దాదాపు నెల. కాబట్టి రెండు వారాలకోసారి వచ్చి శ్రద్ధగా చూస్తే, పుల్ల దశలోనే పట్టుకోవడానికి కనీసం ఒక అవకాశం దొరుకుతుంది. పురుగుల్ని 70 విడివిడిగా ఏరడం కన్నా ఒక్క పుల్ల తీయడం ఎంత సుఖమో 23వ మొక్క దగ్గర మాకు అర్థమైంది.

ఇప్పుడు వెతికే పద్ధతి మార్చాం. ఎండ ఏటవాలుగా పడే వేళ, వెలుగుకు ఎదురుగా నిలబడి చూడాలి. నిటారుగా ఉన్నది ముల్లు. వంగి వేలాడేది పుల్ల. పెద్దవాళ్ళకన్నా పిల్లలకు తొందరగా దొరుకుతుంది. కింది మట్టలు వాళ్ళ కంటి ఎత్తులో ఉంటాయి మరి.

ఈ రోజు మొత్తం ఏడు పుల్లలు. ఐదు గంటలు పట్టింది.

మార్చి 22

లింగాకర్షక బుట్టలు రెండు కట్టాం. ఆడ పురుగు వాసనను పోలిన మందు పూసిన చిన్న రబ్బరు ముక్క, కింద జిగురు అట్ట. మగవి మాత్రమే వస్తాయి. వీటితో పురుగు తగ్గదు, ఎగిరే కాలం ఎప్పుడు మొదలైందో తెలుస్తుంది, అంతే. ఫ్లోరిడాలో ఇవి ఏడాదికి మూడుసార్లు రెక్కలు తొడుగుతాయి: ఫిబ్రవరి నుంచి మే దాకా ఒకసారి, జూన్ నుంచి ఆగస్టు దాకా ఇంకోసారి, సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా మూడోసారి.

పుల్లలు: తొమ్మిది.

ఏప్రిల్ 5

ఈ రోజు 31వ మొక్క దగ్గర ఖాళీ గుడ్ల పుల్ల దొరికింది. పొదిగేసింది. దాని కిందే, వేలెడు దూరంలో, ఒకే ఒక్క రంధ్రం.

అన్నీ ఒకే రంధ్రంలోంచి ఎందుకు వెళ్తాయో జీవశాస్త్రవేత్త చెప్పారు. మట్టను గిల్లితే జిగురు కారుతుంది కదా, అదే మొక్కకున్న రక్షణ. అప్పుడే పుట్టిన ఒంటరి లార్వా తోలు కొరికితే ఆ జిగురులో చిక్కుకుని చస్తుంది. అందుకని ఒకే పుల్లలోంచి వచ్చినవన్నీ ఒకేచోట చేరి కలిసి కొరుకుతాయి. ముందు వెళ్ళినవాటికి జిగురు తగులుతుంది, వెనకవాటికి దారి తెరుచుకుంటుంది. లోపలికి పోయాక కూడా గుంపు విడిపోవు. ఒక మట్ట ఖాళీ చేసి పక్కదానిలోకి కలిసే వెళ్తాయి.

31లో మూడు మట్టలు, దాని పక్కనే ఉన్న 34లో రెండు మట్టలు కోశాను. 34కు పైన రంధ్రం దగ్గర చిన్న కోత పెట్టి చూస్తే లోపల పాలిపోయిన రంగులో చిన్న లార్వాలు, ఒంటి మీద నల్లచుక్కలు. 31లోనూ అలాగే ఉన్నాయి. అన్నీ సంచిలో వేసి, ముడి వేసి ఫ్రీజర్‌లో పెట్టేశాం. ఇంత చిన్న దశలో పట్టుకున్నామని చాలా సంతోషపడ్డాను.

ఏప్రిల్ 19

34 విషయంలో నేను తప్పు చేశాను.

ఫ్రీజర్‌లోంచి పాత సంచులు తీసి, పారేసే ముందు మట్టలు చీల్చి లార్వాలు లెక్కపెట్టడం మా పద్ధతి. 31వ మొక్క మట్టల్లో అన్నీ పాలిపోయిన చిన్నవే. 34వ మొక్క మట్టను పూర్తిగా చీలిస్తే, పైన చిన్నవి ఉన్న గదికి కింద ఇంకో సొరంగం ఉంది. దాన్లో రెండు పెద్ద లార్వాలు. నీలం రంగు.

నీలం రంగుదంటే మెలిటారా ప్రోడెనియాలిస్. అది కూడా నాగజెముడు తినే పురుగే. అదీ గుడ్లను పుల్లగానే పేరుస్తుంది, దాని లార్వాలూ మట్ట లోపలే పెరుగుతాయి. కానీ అది ఇక్కడిది. ఈ మొక్కతోపాటే ఈ నేల మీద ఎప్పటినుంచో బతుకుతోంది. అది తిన్న మొక్క కొన్ని మట్టలు పోగొట్టుకుని మళ్ళీ చిగురిస్తుంది. దాన్ని తీసెయ్యడానికి మాకు అనుమతి లేదు, హక్కూ లేదు. చిన్న దశలో రెండింటి పిల్లలూ మా కళ్ళకు ఒకేలా కనిపిస్తాయి. పెద్దయ్యాక ఒకటి నారింజ రంగుకు తిరుగుతుంది, ఇంకోటి నీలానికి.

గడ్డకట్టిన ఆ రెండింటినీ అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాను. ముదురు నీలం, ఫోటోల్లో చూసినదానికన్నా అందంగా ఉంది. పైన కోత పెట్టిన చోట చిన్నవి కనిపించగానే నిర్ణయం తీసేసుకున్నాను. ఇంకో రెండు వారాలు ఆగి ఉంటే రంగే చెప్పేది.

జీవశాస్త్రవేత్తకు అన్నీ చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. ఎప్పుడు, ఏ మట్ట, ఎన్ని లార్వాలు, అన్నీ రాసుకుని, 34 దగ్గర ఉన్న మిగతా మొక్కలు కూడా చూద్దామన్నారు. 33లోనూ 36లోనూ రెండు చోట్ల నీలంవి కనిపించాయి. వాటిని అలాగే వదిలేశాం.

మే 3

కొత్త పద్ధతి ఇది. గుడ్ల పుల్ల ఒంటరిగా దొరికితే ముందు ఫోటో తీసి ఆవిడకు చూపించి, ఆవిడ సరేనంటేనే తియ్యడం. లోపల చిన్న లార్వాలుంటే కొయ్యకపోవడం. మట్ట పక్కన ఎర్ర రిబ్బను కట్టిన కర్ర గుచ్చి, తేదీ రాసి, మళ్ళీ రావడం. రంగు తేలాకే కత్తి. ఒక గుంపు ఒకటి రెండు మట్టలకు మించి తినేలోపే మనం తిరిగి వస్తాం కాబట్టి మొక్కకు పెద్ద నష్టం లేదు.

వాలంటీర్లలో ఒకరికి ఈ ఆలస్యం నచ్చలేదు. చూసి చూసి వదిలెయ్యాలంటే టెన్షన్‌గా ఉంటుందన్నారు. నాకూ అలాగే ఉంది. కానీ 34 తర్వాత నాకు వేరే దారి కనిపించలేదు.

ఎర్ర రిబ్బన్లు ఇప్పుడు ఏడు.

మే 31

పిడుగుల వాన. గంటన్నర కారులో కూర్చుని ఇంటికొచ్చేశాం. మొక్కలు చూసింది లేదు. ఈ వారం చదివింది రాస్తాను, రాయకపోతే నేనే మరిచిపోతాను.

ఆస్ట్రేలియాలో ఈ పురుగు ఎలా గౌరవం పొందిందో చదువుతుంటే ఇక్కడి పనికి అర్థం ఇంకో వైపు నుంచి తెలిసింది. 1788లో మొదటి వలస ఓడలతో వచ్చిన ఆర్థర్ ఫిలిప్ బ్రెజిల్ నుంచి జెముడు మొక్కలు తెచ్చాడు. వాటి మీద బతికే కొచినీల్ పురుగుల నుంచి ఎర్రరంగు తీద్దామని. తర్వాత కంచెల కోసం ఇంకొన్ని జాతులు వచ్చాయి. వాటిలో ఒపన్షియా స్ట్రిక్టా చెయ్యి దాటిపోయింది. 1920లలో క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ కలిపి దాదాపు 2.4 కోట్ల హెక్టార్లు దాని కిందకు పోయాయి. మనుషులు ఇళ్ళూ పొలాలూ వదిలి వెళ్ళిపోయారు. 1914లో అర్జెంటీనా నుంచి తెచ్చిన క్యాక్టోబ్లాస్టిస్ బతకలేదు. 1925లో అలన్ డాడ్ మళ్ళీ తెప్పించాడు, మూడు వేల లోపు గుడ్లు. వాటిని పెంచి, 1926 నుంచి పొలాల్లో వదిలారు. ఇక్కడ మేం ట్వీజర్స్‌తో ఊడదీసే ఆ గుడ్ల పుల్లల్నే అక్కడ కాగితాలకు అంటించి రైతులకు పంచిపెట్టారు. 1933 నాటికి ఆ జెముడు అడవిలో చాలా భాగం కూలిపోయింది. చించిలా దగ్గర బూనార్గాలో ఈ పురుగు పేరు మీద 1936లో కట్టిన స్మారక హాలు ఇప్పటికీ ఉంది.

అక్కడ అది చేసిన మేలు నిజం. దాన్ని తక్కువ చెయ్యలేను. అక్కడ స్ట్రిక్టా పరాయిది, పురుగు తినదగ్గ సొంత జెముడు జాతి ఆ ఖండంలో ఒక్కటీ లేదు. కరీబియన్‌లో జరిగింది వేరు. 1957లో నెవిస్ దీవిలో ఈ పురుగును వదిలింది ఆ దీవుల్లో సహజంగా పెరిగే జెముళ్ళ మీదికే, పశువుల బీళ్ళలో అడ్డమొస్తున్నాయని. అక్కణ్ణుంచి దీవి తర్వాత దీవికి పాకింది, చివరికి ఫ్లోరిడాలోనూ కనబడింది. ఇక్కడి దక్షిణ దీవుల్లో కన్సోలియా కోరలికోలా అనే అరుదైన జెముడు ఉంది. అసలే కొద్ది మొక్కలు మిగిలాయి, ఆ మిగిలిన వాటికీ ఈ పురుగు పట్టింది. 2013లో దాన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో చేర్చారు.

మన దక్షిణాదిలో నాగజెముడును అణిచింది ఈ పురుగు కాదు, కొచినీల్. 1795లో రంగు కోసం బ్రెజిల్ నుంచి తెచ్చిన రకం నాసిరకం. రంగుకు పనికిరాలేదు, ఇంకో జాతి జెముడును మాత్రం ఊడ్చేసింది. నాగజెముడును ముట్టలేదు. 1926లో శ్రీలంక నుంచి వేరే కొచినీల్ రకం తెస్తే ఐదారేళ్ళలో దాని ఉధృతి తగ్గిపోయింది. ఈ మొక్కను తినే పురుగుల్లో ఒక్కొక్కటీ ఎంత ఏరికోరి తింటుందో ఈ సంగతే చెబుతుంది.

మెక్సికో సంగతి చదివాక కాస్త ధైర్యం వచ్చింది. 2006లో ఇస్లా ముహేరెస్ దీవిలో, 2007లో కాంటోయ్ దీవిలో ఈ పురుగు కనబడింది. వెంటనే పట్టిన మొక్కలు తీసేశారు, గుడ్ల పుల్లలు ఏరారు, వంధ్య పురుగుల్ని, అంటే జతకట్టినా సంతానం కలగనివాటిని, పెంచి వదిలారు. 2009 నాటికి రెండు దీవుల్లోనూ లేకుండా చేశారు. చేత్తో ఏరే పనికి కూడా అందులో భాగం ఉంది.

జులై 12

ఎండ తట్టుకోలేకపోతున్నాం. ఉదయం ఆరున్నరకు మొదలుపెట్టి పదింటికల్లా ఆపేస్తున్నాం. రెండో తరం పుల్లలు మొదలయ్యాయి.

19వ మొక్క మీద తెల్లటి దూది అంటుకున్నట్టు ముద్దలు. మా అమ్మాయి పుల్లతో గీకి చూస్తే చిక్కటి ఎర్రరంగు కారింది. కొచినీల్. ఇదీ ఇక్కడిదే. ఆర్థర్ ఫిలిప్ సముద్రాల మీదుగా మోసుకెళ్ళిన ఆశ ఈ రంగు గురించే అని చెప్పాను. ఆ రంగుతోనే తను నోట్‌బుక్‌లో 19 అని రాసుకుంది.

ఎర్ర రిబ్బన్లలో ఐదు తేలాయి: మూడు నారింజ, రెండు నీలం. మూడూ కోశాం, రెండూ వదిలాం.

సెప్టెంబర్ 20

తుఫాను అంచు తగిలింది. ఒక బుట్ట ఎగిరిపోయింది, రెండోది ఇసుకలో కూరుకుపోయింది. 8, 15, 23 మొక్కల కొమ్మలు విరిగాయి. విరిగి పడిన మట్టల్ని తీయలేదు, నేలను తాకిన చోట వేళ్ళు పోస్తాయి.

9వ మొక్క చచ్చిపోయింది. పొట్టి రకం, మొత్తం ఐదే మట్టలు. ఆగస్టులో వరసగా రెండుసార్లు మేం రాలేకపోయాం. ఆ మధ్యలో ఒక గుంపు పొదిగి ఐదూ తినేసింది. పొట్టి రకానికి ఇదే కష్టం. 23 లాంటిది తొమ్మిది మట్టలు పోయినా నిలబడుతుంది, దీనికి పోగొట్టుకోవడానికి ఏమీ లేదు. వచ్చే ఏడాది పొట్టి రకంలో మిగిలిన మొక్కలన్నిటినీ వారానికోసారి చూడాలని అడిగాను.

అక్టోబర్ 18

లెక్కలు ఒకచోట రాశాను. ఫిబ్రవరి నుంచి మే దాకా తీసిన గుడ్ల పుల్లలు 38. జూన్ నుంచి ఆగస్టు దాకా 29. సెప్టెంబర్ నుంచి ఇప్పటిదాకా 17. నారింజ పురుగు పట్టిన మొక్కలు మొత్తం 11, నీలంది పట్టినవి 6, రెండూ పట్టినది ఒకటి. చచ్చిపోయినవి రెండు: 9, 40. రెండూ పొట్టివే.

పుల్లలు తగ్గడం మా పని వల్లే అని చెప్పడానికి ఈ లెక్క చాలదు. ఆగస్టులో రెండు రౌండ్లు తప్పాయి, తుఫాను వచ్చింది, కాలాన్ని బట్టి కూడా మారుతుంది. పోల్చి చూడటానికి ఏమీ చెయ్యకుండా వదిలేసిన మొక్కలు మా దగ్గర లేవు. వచ్చే ఏడాది పక్క దిబ్బ మీద ఒక గుంపును ముట్టకుండా, కేవలం చూసి రాసుకోవడానికి ఎంచుకుందామని జీవశాస్త్రవేత్తతో మాట్లాడాను. చూస్తూ చూస్తూ తినిపించాలంటే మనసొప్పదు, కానీ లేకపోతే మేం చేస్తున్నది పనికొస్తోందో లేదో తెలియదు.

ఆవిడ ఇంకో సంగతి చెప్పారు. అర్జెంటీనాలో ఈ పురుగు లార్వాల్లో గుడ్లు పెట్టే ఒక చిన్న కందిరీగ ఉంది, అపాంటెలెస్ ఒపన్షియారమ్. దాన్ని అమెరికాలో వదలొచ్చా అన్నది శాస్త్రవేత్తలు క్వారంటైన్ ల్యాబుల్లో పరీక్షిస్తూ వచ్చారు. ఆ పరీక్షల్లో పెద్ద ప్రశ్న ఒకటే: అది నారింజ పురుగునే పడుతుందా, మెలిటారా లాంటి ఇక్కడి పురుగుల జోలికీ పోతుందా. నాకు వెంటనే 34 గుర్తొచ్చింది.

నవంబర్ 15

ఈ ఏటికి చివరి రౌండు. పుల్లలు రెండే. 12వ మొక్క మీద ఒకటి, మళ్ళీ మా అమ్మాయికే దొరికింది.

34 మీద నేను కోసిన చోట గాయం మానింది. దాని అంచున రెండు కొత్త మట్టలు, ఒక్కొక్కటి అరచేతి వెడల్పు. 33లో నీలం లార్వాలున్న మట్ట ఎండి రాలిపోయింది, పక్కవి పచ్చగా ఉన్నాయి.

23 దగ్గర ఆగాం. తుఫానుకు విరిగిపడిన మట్టల్లో మూడు వేళ్ళు పోశాయి. ఒకదాని అంచు అర్ధచంద్రాకారంలో కొరికి ఉంది. పురుగు కొరుకుడు కాదు, చాలా వెడల్పు. చుట్టూ వెతికితే ఐదు గజాల దూరంలో ఇసుకలో బొరియ, దాని ముందు కొత్తగా తవ్విపోసిన మట్టి. గోఫర్ తాబేలు. ఫ్లోరిడాలో దానికి చట్టరక్షణ ఉంది. నాగజెముడు మట్టలూ పండ్లూ ముళ్ళతో సహా తింటుంది. దాని బొరియల్లో పాములు, కప్పలు, ఇంకెన్నో ప్రాణులు తలదాచుకుంటాయి.

బొరియ దగ్గరికి వెళ్ళకుండా అక్కడే కూర్చున్నాం. పావుగంట తర్వాత మూతి మాత్రం బయటపెట్టింది. నోటి పక్కన పచ్చటి జిగురు అంటుకుని ఉంది. మా అమ్మాయి నోట్‌బుక్ తీసి 23 ఎదురుగా, “మట్టలు 58, తాబేలు తిన్నది 1” అని రాసింది.